పానగల్ పార్కు నుంచి ఉస్మాన్ రోడ్డుకి

మా వీధి చివర గుళ్లో తెల్లవారకుండానే మైకు పెడతారు. ఏ పండగైనా సరే, మొదట వినపడే గొంతు ఘంటసాల గారిదే. చోడవరంలో పుట్టి పెరిగిన నాకు ఆ గొంతు వినకపోతే తెల్లారినట్టే ఉండదు. మొన్నొక రోజు ఆ పాట వింటూ కాఫీ కలుపుతుంటే, ముందు గదిలో మా అమ్మాయీ అల్లుడూ కాగితం మీద గళ్లు గీసుకుని కూర్చున్నారు. పెళ్లై ఆర్నెల్లయింది. కాపురం ఏ ఊళ్లో పెట్టాలో తేలడం లేదు. హైదరాబాదా, బెంగళూరా, చెన్నైయా, పోనీ దగ్గర్లో ఉంది కదా అని విశాఖపట్నమా? ఏ ఊళ్లో అద్దె ఎంత, నీళ్ల బాధ ఎంత, ఆఫీసుకి ఎంతసేపు పడుతుంది... కాగితం నిండిందిగానీ ఊరు తేలలేదు.

నా ఆలోచన మాత్రం ఆ మైకులో పాడుతున్న మనిషి మీదికి పోయింది. ఆయనకీ పెళ్లైన కొత్తలోనే ఈ ప్రశ్న ఎదురైంది. గళ్లు గీసుకోవడానికి ఆయన ముందు ఇన్ని ఊళ్లూ లేవు, చేతిలో డబ్బూ లేదు.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయించేవారు, తరంగాలు పాడేవారు. కొడుకుని భుజం మీద ఎక్కించుకుని భజనలకి తీసుకెళితే, ఆ పిల్లాడు పాటకి తగ్గట్టు అడుగులు వేసేవాడట. బాలభరతుడని ముద్దుపేరు కూడా పెట్టారు. పదకొండో ఏట తండ్రి పోయారు. పోయేముందు సంగీతం నేర్చుకోమని కొడుక్కి మరీ మరీ చెప్పి పోయారు. తల్లి రత్తమ్మగారు పిల్లల్ని వెంటబెట్టుకుని అన్నదమ్ముల పంచన చేరారు. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్యగారే ఆ సంసారానికి దిక్కయ్యారు.

తండ్రికిచ్చిన మాట కోసం పిల్లాడు పడని పాట్లు లేవు. సంగీతం చెబుతారన్న ఆశతో ఒక విద్వాంసుడి ఇంట్లో బట్టలు ఉతికాడు, మరొకరింట్లో వంట చేశాడు. చాకిరీ మిగిలింది, చదువు అబ్బలేదు. చివరికి నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకి అమ్మేసి విజయనగరం రైలెక్కాడు. ఎందుకంటే అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల ఉంది. 1919లో పెట్టిన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఆయన ఇల్లు వదిలి ఎంచుకున్న మొదటి పరాయి ఊరు మన ఉత్తరాంధ్ర ఊరే కావడం నాకు మహా గర్వం. ఈ సంగతి ఎవరు ఎత్తినా నేను ఆపకుండా మాట్లాడతానని మా ఇంట్లో వెక్కిరిస్తారు.

తీరా వెళితే వేసవి సెలవులు. కళాశాల తలుపులు మూసి ఉన్నాయి. కొన్నాళ్లు అక్కడా ఇక్కడా తలదాచుకుని, ఆఖరికి ఒక అమ్మవారి గుళ్లో మకాం పెట్టాడు. ఆ సమయంలో పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీశారు. సాలూరి చిన గురువుగారని పేరున్న ఆయన పిల్లాడి గొంతు విని ఇంట్లోనే పాఠం మొదలుపెట్టారు. పైసా పుచ్చుకోలేదు. అయితే ఆయనదీ లేని సంసారమే. పాఠం చెప్పగలరుగానీ రోజూ అన్నం పెట్టలేరు.

అందుకని కుర్రాడు మధుకరం ఎత్తాడు. ఈ మాట ఇప్పటి పిల్లలకి తెలియదు. వారాలు చేసుకోవడమంటే సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట కూర్చుని తినడం. మధుకరం అలా కాదు. తేనెటీగ పువ్వు పువ్వుకీ తిరిగినట్టు, జోలె భుజాన వేసుకుని గడప గడపకీ వెళ్లి, ఒక్కో ఇంట్లో ఒక్కో ముద్ద అడిగి తెచ్చుకోవాలి. అలా తెచ్చిన అన్నమే రెండు పూటలకీ సరిపెట్టుకోవాలి. పగలు తిన్నాక మిగిలింది గుడ్డలో మూటకట్టి రాత్రికి దాచుకుంటే చీమలు పట్టేవట. గిన్నె కొనుక్కోవడానికి కూడా డబ్బుల్లేక మేనమామకి ఉత్తరం రాశాడు. ఆయన పంపిన డబ్బుతో ఒక డబ్బా కొనుక్కున్నాక గానీ అన్నానికి చీమల బాధ తప్పలేదు.

విజయనగరం వెళ్లినప్పుడల్లా పాత వీధుల్లో పెంకుటిళ్ల అరుగులు చూస్తూ నడుస్తాను. ఏ ఇంటి ఇల్లాలు ఆ జోలెలో అన్నం వేసిందో! ఆవిడకీ తనది చాలీచాలని సంసారమే అయి ఉండొచ్చు. ముద్ద వేసి తలుపేసుకుని మర్చిపోయి ఉంటుంది. ఆ ఇల్లాళ్ల పేర్లు ఎక్కడా రాసిలేవు. ఈ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించేది ఇదే.

కళాశాల తెరిచాక చేరి, చదువు పూర్తి చేసి, కొన్నాళ్లు అక్కడే కచేరీలు చేసి మంచి పేరు తెచ్చుకున్నారు. తర్వాత సొంతూరు చేరి పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో పాడుతూ, పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ ఉన్నారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి జైలుకెళ్లారు. జైలు నుంచి వచ్చాక 1944 మార్చి 4న సావిత్రిగారితో పెళ్లయింది. ఆవిడ బంధువులమ్మాయే. ఆ సాయంత్రం కచేరీకి విద్వాంసుణ్ణెవర్నీ పిలవలేదు. పెళ్లికొడుకే కూర్చుని పాడేశాడు. చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారట.

సరే, పెళ్లయింది. ఇప్పుడు బతుకు ఎక్కడ?

ఇరవై ఒక్కేళ్ల పాటగాడు 1944లో ఎక్కడికెళ్లాలి? సొంతూళ్లో ఉంటే పెళ్లిళ్ల సీజన్లో నాలుగు డబ్బులు, మిగతా రోజుల్లో పాఠాలు. విజయనగరంలో పేరుందిగానీ, ఆ పేరుతో సంసారం నడవాలంటే కష్టం. విజయవాడలో అప్పటికి రేడియో కేంద్రం లేదు, అది 1948లో వచ్చింది. విశాఖపట్నంలో కేంద్రానికైతే 1963 దాకా ఆగాల్సిందే. హైదరాబాదు నిజాం రాజ్యంలో ఉంది. తెలుగు సినిమా తీసే స్టూడియోలు, రేడియో, పాటలు రికార్డు చేసే కంపెనీలు అన్నీ మద్రాసులోనే. కాబట్టి మద్రాసే వెళ్లాలని ఎవరైనా చెబుతారు. మరి ఆ మహాపట్నంలో ఎవరి తలుపు తట్టాలి?

అక్కడే సావిత్రిగారి పుట్టిల్లు అక్కరకొచ్చింది. ఆవిడది పెదపులివర్రు, అప్పటి గుంటూరు జిల్లాలో రేపల్లె వైపు ఊరు. సినిమాలకి మాటలూ పాటలూ రాస్తూ మద్రాసులో పేరు తెచ్చుకున్న సముద్రాల రాఘవాచార్యులుగారిదీ అదే ఊరు. ఆయన ఊరొచ్చినప్పుడు అల్లుడుగారు వెళ్లి కలిశారు, పాడి వినిపించారు. సముద్రాలవారు మెచ్చుకుని మద్రాసు వచ్చి కలవమన్నారు. చూశారా, కట్టుకున్నదాని ఊరు ఎలా కలిసొచ్చిందో! ఆడపిల్ల అత్తారింటికి సారెతో వెళుతుందంటారు. సావిత్రిగారు తెచ్చిన సారెలో ఆ పరిచయం కూడా ఉందని నేననుకుంటాను.

రమ్మన్నారు కదా అని ఆయన వెంటనే రైలెక్కలేదు. రెండు నెలలు కష్టపడి కచేరీలు చేసి కొంత కూడబెట్టారు, చాలనిది అప్పు చేశారు. కొత్త పెళ్లికూతుర్ని ఊళ్లోనే ఉంచి ఒంటరిగా బయల్దేరారు. సముద్రాలవారు ఆయన్ని రేణుకా ఫిలింస్‌కి తీసుకెళ్లి చిత్తూరు నాగయ్యగారి ముందూ, బి.ఎన్.రెడ్డిగారి ముందూ పాడించారు. ఇద్దరూ బాగుందన్నారు, అవకాశం వచ్చినప్పుడు చూద్దామన్నారు. ఆ మాట పట్టుకుని ఎన్నాళ్లుండాలి? సముద్రాలవారి ఇల్లు చిన్నది. రమ్మన్న మనిషికి భారం కాకూడదని ఆయన టి.నగర్‌లో పానగల్ పార్కుకి మకాం మార్చేశారు. వాచ్‌మన్‌కి నెలకి రెండు రూపాయలిచ్చి రాత్రిళ్లు అక్కడే పడుకునేవారు, పగలంతా అవకాశాల కోసం తిరిగేవారు. అన్నట్టు ఆ పార్కుకి పేరిచ్చిన పానగల్ రాజావారు, మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన పానగంటి రామరాయణింగారు, తెలుగువారే.

ఇక్కడ నా మనసు పార్కులో ఆగదు, పెదపులివర్రు పోతుంది. కాళ్ల పారాణి ఆరకముందే మొగుడు పట్నం వెళ్లాడంటే ఊళ్లో అమ్మలక్కలు ఊరుకుంటారా! ఎప్పుడొస్తాడు, ఏం ఉద్యోగం, జీతమెంత అని రోజుకొకరు అడిగే ఉంటారు. సినిమాల్లో పాడటానికంటే ఆ రోజుల్లో మర్యాదగా వినేవాళ్లు ఎంతమంది? పార్కు సంగతి ఆవిడకి అప్పుడే తెలిసిందో లేదో గానీ, తెలిసి ఊరుకున్నా గొప్పే, తెలియకుండా నమ్మి కూర్చున్నా గొప్పే. ఒకటి మాత్రం ఆయన సరిగ్గా చేశారనిపిస్తుంది. తను పార్కులో పడుకోవచ్చుగానీ భార్యని తీసుకొచ్చి పడుకోబెట్టలేరు. నిలదొక్కుకున్నాకే కాపురం అనుకున్నారు. ఆలస్యమైనందుకు ఆవిడకి కోపం వచ్చి ఉంటే అదీ న్యాయమే.

సముద్రాలవారి సాయంతో ముందు మద్రాసు రేడియోలో పాడే అవకాశం దొరికింది. 1944లో వచ్చిన సీతారామ జననంలో బృందంలో గొంతు కలిపారు, చిన్న వేషమూ వేశారు. 1945లో బి.ఎన్.రెడ్డిగారి స్వర్గసీమలో భానుమతిగారితో కలిసి పాడారు. ఆ పాటకి అందిన సొమ్ము 116 రూపాయలు. పార్కు లెక్కన చూస్తే దాదాపు అయిదేళ్ల అద్దె! 1948లో బాలరాజు పాటలు ఊరూరా మోగాయి. 1949లో ఎన్.టి.రామారావుగారి తొలి సినిమా మనదేశానికి సంగీతం ఆయనదే. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1963లో లవకుశ. ఇవి నేను చెప్పక్కర్లేదు, మీ అందరికీ కంఠతా వచ్చు.

నేను చెప్పాలనుకున్నది ఉస్మాన్ రోడ్డు ఇంటి గురించి. మద్రాసులో కాపురం కుదురుకున్నాక ఘంటసాల దంపతుల ఇల్లు టి.నగర్ ఉస్మాన్ రోడ్డులో, 35వ నంబరు. ఆ రోడ్డు పానగల్ పార్కుని ఆనుకునే వెళుతుంది. వాచ్‌మన్‌కి రెండు రూపాయలిచ్చి పడుకున్న చోటికీ, సొంత ఇంటికీ మధ్య నడిచి వెళ్లేంత దూరమే. 1950ల ఆరంభంలో ఆ ఇంటికి విజయనగరం వైపు నుంచి ఒక మనిషి వచ్చారు. గురువుగారి కొడుకు పట్రాయని సంగీతరావుగారు. ఘంటసాల గారి సంగీతానికి సహాయకుడిగా చేరి, ఆ ఆవరణలోనే భార్యాబిడ్డలతో కాపురముంటూ చివరిదాకా ఆయనతోనే ఉన్నారు. ఒకప్పుడు తండ్రి చెప్పిన ఉచిత పాఠానికి శిష్యుడు అలా బదులు చెల్లించారు. ఉత్తరాది సంగీత సార్వభౌముడు బడే గులాం అలీఖాన్ సాహెబు మద్రాసు వచ్చినప్పుడు బస చేసిందీ ఘంటసాల గారింట్లోనే. అంతమంది వచ్చిపోయే ఇంట్లో సావిత్రమ్మగారి వంటిల్లు ఎన్ని గంటలకి మూసేవారో నాకు తెలుసుకోవాలనుంది. పాటగాళ్ల జీవితచరిత్రల్లో వంటింటి లెక్కలు ఎవరూ రాయరు.

1953లో ఆంధ్ర రాష్ట్రం విడివడినా, 1956లో హైదరాబాదు రాజధాని అయినా ఆయన మద్రాసు వదల్లేదు. సినిమా అక్కడే ఉంది మరి. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికా వెళ్లి పాడొచ్చారు. ఆరోగ్యం దెబ్బతింటున్నా భగవద్గీత పాడి రికార్డు చేశారు. అది బయటికొచ్చేసరికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే, మద్రాసులోనే పోయారు.

ఇదంతా ఆవేళ భోజనాల దగ్గర మా పిల్లలకి చెప్పాను. మా అల్లుడికి బాగా నచ్చేసింది. తను ముందు బెంగళూరు వెళ్లి కుదురుకుంటాడట, ఆర్నెల్ల తర్వాత అమ్మాయిని తీసుకెళతాడట. మా అమ్మాయి చెయ్యి కడుక్కుని మరీ జవాబిచ్చింది. సావిత్రమ్మగారికి ఉద్యోగం లేదు, తనకుంది, పార్కులో పడుకోవాల్సొస్తే ఇద్దరం పడుకుంటామంది. నాకు నవ్వొచ్చింది, కాస్త భయమూ వేసింది. కాగితం మళ్లీ తీశారు. ఈసారి అద్దెల పక్కన ఇంకో గడి గీశారు. ఆ ఊళ్లో అర్ధరాత్రి అవసరమొస్తే ఎవరి తలుపు తట్టొచ్చు అని. బెంగళూరు ఎదురుగా ఆ గడి ఖాళీగా ఉంది. హైదరాబాదు ఎదురుగా మా ఆడపడుచు పేరు రాసి, వెంటనే కొట్టేశారు. ఎందుకు కొట్టేశారో నేను అడగలేదు.