అపర భగీరథుడు సర్ ఆర్థర్ కాటన్

బెంగుళూరు నగరవాసులు నేడు త్రాగుతున్నది కావేరి జలం. గోదావరి డెల్టాను అన్నపూర్ణగా తీర్చిదిద్దిన సర్ ఆర్థర్ థామస్ కాటన్ తొలి పాఠం నేర్చుకొన్నది కూడ ఆ కావేరి ఒడ్డుననే.

1803 మే 15న ఇంగ్లండులో జన్మించిన కాటన్, 1821లో మద్రాసు ఇంజనీరింగ్ దళాధికారిగా భారతదేశానికి వచ్చారు. చోళులు కావేరిపై నిర్మించిన కల్లణైని శ్రద్ధగా పరిశీలించారు. అడుగున రాతి పునాది లేకున్నను, ఇసుకపై పేర్చిన బండలు క్రమంగా దిగి కుదురుకొని శతాబ్దాలుగా ప్రవాహానికి నిలిచిన తీరు ఆయనను ముగ్ధుణ్ణి చేసింది.

ఆ కాలమున గోదావరి మండలం 1833 నాటి కరువుతోను, 1839 నాటి తుఫానుతోను చితికిపోయింది. చెంతనే జీవనది సముద్రం పాలవుతుండగా ప్రజలు ఆకలితో అలమటించారు. కాటన్ సమర్పించిన నివేదికకు 1846లో అనుమతి లభించింది. 1847లో ధవళేశ్వరం వద్ద పని ప్రారంభమైంది. అక్కడ నది అడుగు ఇసుకే. చోళుల పాఠమే అక్కరకు వచ్చింది. వీణెం వీరన్న కుడిభుజంగా నిలువగా 1852లో ఆనకట్ట పూర్తయింది.

కాటన్ దృష్టిలో కాలువ పైరుకు ప్రాణం, పడవకు బాట. నీటిమట్టం మారే చోట లాకులు నిర్మించారు. పడవ లాకులోనికి రాగానే వెనుక తలుపులు మూసి, నీటిని నింపియో వదలియో ఎదుటి మట్టానికి తెచ్చి, ముందు తలుపులు తెరచేవారు. ఏలూరు కాలువ గోదావరి, కృష్ణా డెల్టాలను కలిపింది. అటుపై కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా కాకినాడ నుండి మద్రాసు వరకు జలమార్గం ఏర్పడింది.

1861లో సర్ బిరుదు పొందినప్పటికి ఆయనకు విమర్శలు తప్పలేదు. రైలు మార్గాలకంటె జలమార్గాలే పేదలకు మేలని వాదించినందుకు, 1878లో డెబ్బది అయిదేండ్ల వయస్సున పార్లమెంటు సంఘం ప్రశ్నలకు నిలువవలసి వచ్చింది. సంఘం ఆయన వాదాన్ని అంగీకరించలేదు; ఆయన దానిని విడువలేదు. 1899 జూలై 24న కన్నుమూశారు.

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి వెలసిన బ్యారేజీ ఆయన పేరనే నిలిచింది. సుమారు పది లక్షల ఎకరాలు నేడు గోదావరి కాలువల క్రింద పండుతున్నవి. బెంగుళూరు నుండి రోడ్డు మార్గాన గోదావరి జిల్లాలకు వెళ్ళే విద్యార్థులు ధవళేశ్వరంలో కాసేపు ఆగి, ఆ లాకులను, కాటన్ మ్యూజియాన్ని తప్పక చూడాలి. పరదేశి అయినప్పటికి ఈ నేల పెద్దల విద్యను వినయంతో అభ్యసించి, ఈ నేలకే తిరిగి అర్పించిన ఒక ఉత్తమ విద్యార్థి జీవితం అక్కడ రాతిలో కనిపిస్తుంది.