షార్లు క్రిస్తోఫ్లు

వెండివలె మెఱయు పాత్ర లన్నియు వెండివి కావు. పైని సన్నని వెండిపూతయు, లోపల ఇత్తడియో మఱియొక లోహమో యుండవచ్చును. కొనువాడు మోసపోకుండుట కుపాయ మేమి? ఈ ప్రశ్నకు తన పేరునే యుత్తరముగా నిచ్చిన యొక ఫ్రెంచి పనివాని చరిత్రమును మే మిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

షార్లు క్రిస్తోఫ్లు 1805వ సంవత్సరమున పారిసు నగరమున జన్మించెను. బాల్యము దాటక మునుపే బంధువొకరి నగల దుకాణములో చేరి పని నేర్చుకొనెను. 1830 ప్రాంతమున ఆ వ్యాపార మీయన చేతికి వచ్చెను.

ఆ కాలమున లోహములకు బంగారుపూత వేయుట ప్రాణాపాయకరమగు వృత్తి. బంగారమును పాదరసముతో కలిపి, వస్తువునకు పూసి, నిప్పులపై కాచెడివారు. పాదరసపు టావిరి పీల్చిన పనివారికి చేతులు వణకుచుండెను, ఆయువు క్షీణించుచుండెను. 1840 ప్రాంతమున ఇంగ్లండులో ఎల్కింగ్టనును, ఫ్రాన్సులో రువోల్జును విద్యుచ్ఛక్తిచే పూత వేయు పద్ధతులకు హక్కుపత్రములను పొందిరి. వెండి కరగియున్న ద్రావకములో చెంచాను వ్రేలాడదీసి, విద్యుద్ఘటముయొక్క ఋణధ్రువమునకు దానిని, ధనధ్రువమునకు వెండిరేకును తగిలించినచో, రేకులోని వెండి కరగుచు చెంచాపై సమముగా పేరుకొనును. ఆ ద్రావకమును విషమే. అయినను పాదరసపు టావిరి బాధ తప్పెను. 1842లో క్రిస్తోఫ్లు ఈ పద్ధతుల హక్కులను ఫ్రాన్సుదేశమునకు కొనెను.

కొనుట సులభము, కాపాడుకొనుట కష్టము. అనుకరించువారు పెక్కుమంది బయలుదేరిరి. ఏండ్ల తరబడి వ్యాజ్యము లాడవలసివచ్చెను. పూత మఱీ పలుచనైనచో కొన్నాళ్లకే చెరగి లోపలి లోహము బయటపడును. అప్పు డాక్షేపణ మంచి పనివానిపైనను పడును. కావున ముద్రయే ఈయనకు రక్షకమయ్యెను.

ఫ్రాన్సులో ముద్రల వాడుక యిట్టిది. అచ్చపు వెండివస్తువుపై పనివాని ముద్ర వజ్రాకారపు గడిలో నుండును. 1838 మొదలు పెద్దవస్తువులపై శిరస్త్రాణము ధరించిన మినర్వాదేవి తలయు ప్రభుత్వముద్రగా నుండును. పూతవస్తువుపై పనివాని ముద్రకు చతురస్రము నియతమైన యాకారము. క్రిస్తోఫ్లు ముద్రలో రెండు సి అక్షరములును, నక్షత్రములును, నడుమ త్రాసును గలవు. ప్రక్కను పూర్తి పేరు కూడ నుండును. త్రాసు వట్టి యలంకారము కాదు. చెంచాలపై 84 అను అంకె కనబడినచో, 12 చెంచాలకును 12 ముళ్లచెంచాలకును కలిపి 84 గ్రాములు, అనగా ఒక్కొక్కదానికి సగటున మూడున్నర గ్రాముల వెండి పట్టినదని యర్థము. ఈయన వెండి కానిదానిని వెండి యని చెప్పలేదు. ఎంత వెండియో తూచి చెప్పెను.

మూడవ నెపోలియను చక్రవర్తి ట్విలరీ ప్రాసాదపు విందులకు గొప్ప భోజనపాత్రల సముదాయమును ఈయనచే చేయించెను. 1855 పారిసు ప్రదర్శనములో జనులు దానిని చూచిరి. 1863లో క్రిస్తోఫ్లు మరణించెను. కుమారుడు పాలును, మేనల్లుడు హెన్రీ బూయిలేయు వ్యాపారమును సాగించిరి. 1871లో ఆ ప్రాసాదము దగ్ధమైనను, విందుబల్ల నడిమి యలంకారములు శిథిలములనుండి వెలికివచ్చి పారిసు వస్తుప్రదర్శనశాలను చేరెను. చక్రవర్తియు లేడు, ప్రాసాదమును లేదు. పనివాని పని మిగిలెను.

విద్యార్థులారా! పాతచెంచా చేతికి దొరకినచో వెనుకకు త్రిప్పి చూడుడు. మెఱుగు ముందువైపున నుండును. మాట వెనుకవైపున నుండును. మనము చేయు ప్రతి పనికిని వెనుకవైపు గలదు. అచట మన పేరు వ్రాయుటకు సిగ్గుపడకుండునట్లు పని చేయుదము గాక.