శిష్యుడైన గురువు: విలియం విన్‌స్టన్లీ పియర్సను

పరదేశమునకు పోయి విద్య నేర్చినవారి కథలు మన పురాణములలో పెక్కు గలవు. కచుడు రాక్షసుల పురమునకు పోయి, శుక్రాచార్యుని సేవించి, మృతసంజీవనీ విద్యను గడించి వచ్చెను. పరదేశమునకు పోయి విద్య నేర్పినవారి కథలు మాత్రము మనకంతగా వినబడవు. అందును, పాలకజాతియందు పుట్టి, పాలితుల పల్లెకు గురువుగా వచ్చి, అచ్చట తానే శిష్యుడై నిలిచినవాడు మిక్కిలి అరుదు. రవీంద్రనాథ ఠాకూరు పాఠశాలలో ఆంగ్లము బోధించిన విలియం విన్‌స్టన్లీ పియర్సను అట్టి అరుదైన పురుషుడు. దీనబంధు ఆండ్రూసు కథ చెప్పుకొనునెడల ఈయన పేరు వెంట రాక తప్పదు.

నేడు పాశ్చాత్య దేశములలో ఉన్నత పాఠశాల ముగించిన యువకులు, పైచదువునకు పోవుటకు ముందు ఒక సంవత్సరము విరామము తీసికొని, ఆసియా, ఆఫ్రికా ఖండముల పల్లెలలో వేతనాపేక్ష లేక ఆంగ్లము బోధించి వచ్చుట వాడుకయైనది. 1958లో ఇంగ్లండున అలెక్ డిక్సను దంపతులు ఇట్టి సేవకొరకు ఒక సంస్థను నెలకొల్పిరి. 1961లో అమెరికా ప్రభుత్వము పీస్ కోర్ అను దానిని స్థాపించెను. ఇట్లు వచ్చి పోవువారి వలన లాభము పల్లెకా, వచ్చినవారికా యను ప్రశ్న ఎల్లప్పుడును ఉన్నదే. సంస్థలు లేని కాలమున ఒంటిగా వచ్చిన పియర్సను జీవితమును పరిశీలించినచో ఆ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

పియర్సను 1881లో మాంచెస్టరు నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడు కేంబ్రిడ్జి, ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయములు రెండింటను చదివి, 1907లో లండను మిషనరీ సంఘము పక్షమున కలకత్తా నగరమునకు వచ్చి, భవానీపురమునందలి వారి కళాశాలలో వృక్షశాస్త్రమును బోధించెను. కొలువు గౌరవమైనదే గాని, మిషను వారి పద్ధతులకును ఆయన భావములకును పొత్తు కుదరలేదు. ఆ కొలువును విడిచి, కొంతకాలము ఢిల్లీలో ఒక సంపన్న గృహమున బాలునికి చదువు చెప్పెను. వంగభాషను శ్రద్ధతో అభ్యసించెను. 1912 ప్రాంతమున ఆయనకు రవీంద్రునితో స్నేహము కలిగెను. ఆ స్నేహమే ఆయన జీవితమునకు త్రోవ చూపినది.

రవీంద్రుని పాఠశాల కలకత్తాకు ఇంచుమించు నూరు మైళ్ల దూరమున, వీర్‌భూము జిల్లాలో, బోల్‌పూరు చెంత నున్నది. ఎర్రమట్టి నేల, తాటిచెట్లు, సాలవృక్షములు, చుట్టును సంతాలుల పల్లెలు. 1901 డిసెంబరులో అయిదుగురు బాలురతో ప్రారంభమైన ఆ బడిలో తరగతులు చెట్లనీడను జరుగుచుండెను. పంకాలును బల్లలును గల కళాశాలలను చూచినవాడు ఈ నేలమీద కూర్చుండి చెప్పుటకు ఇష్టపడెను.

అయితే అచ్చట స్థిరపడుటకు ముందే ఆయనకు మరియొక పిలుపు వచ్చెను. దక్షిణాఫ్రికాలో గాంధీ మహాత్ముడు నడుపుచున్న సత్యాగ్రహమునకు తోడ్పడుటకై 1913 తుదిని గోఖలే ప్రేరణమున ఆండ్రూసు బయలుదేరగా, పియర్సను వెంట నడచెను. 1914 జనవరి మొదట వారు డర్బను రేవున దిగిరి. నేటాలు చెరకుతోటలలో ఒప్పందపు కూలీల స్థితిగతులను విచారించుట పియర్సను వంతు పని. ఆ తోటలలో పాటుపడినవారిలో 1860 నుండి మదరాసు రేవున ఓడలెక్కిపోయిన మన తెలుగువారును గలరు. ఆ పిమ్మట 1915లో ఆ మిత్రులిరువురును ఫిజీ ద్వీపములకు పోయి, అచ్చటి కూలీల దురవస్థనుగూర్చి నివేదిక వ్రాసిరి. కృష్ణా, గోదావరి, విశాఖపట్టణ మండలములనుండి పోయినవారు ఫిజీలోను ఉండిరి. 1917లో ఒప్పందపు కూలీల ఎగుమతి నిలిచిపోవుటకును, 1920 ప్రారంభమున ఫిజీలో మిగిలిన ఒప్పందములు రద్దగుటకును ఆ నివేదిక గొప్ప బలమిచ్చెను. కావున పియర్సనునకు మన తెలుగుదేశమును ఋణపడియున్నది.

శాంతినికేతనమున ఆయన ఆంగ్లోపాధ్యాయుడు. పాఠము చెప్పి గదికి పోయి తలుపు మూసికొను రకము కాదు. బాలురతోడనే ఆయన నివాసము. 1915 మార్చిలో గాంధీ మహాత్ముడు అచ్చటికి వచ్చి, వంటవాండ్రను మాన్పించి, వంటయు, పాత్రలు తోముటయు, పాకీపనియు గురుశిష్యులే చేసికొనవలెనని బోధించినపుడు, ఉపాధ్యాయులలో కొందరు సందేహించిరి. పియర్సను మాత్రము తనువును మనస్సును అర్పించి ఆ పనిలో దిగెను. కేంబ్రిడ్జి పట్టభద్రుడు గిన్నెలు తోముట చూచిన బాలునికి వేరు నీతిపాఠ మక్కరలేదు. సమీపపు సంతాలుల పల్లెకు పోయి, అచ్చటి పిల్లల చదువునకును, రోగుల ఉపచారమునకును ఆయన శ్రమించెను. రవీంద్రుడు 1916లో తన బలాకా కావ్యమును ఆయనకే అంకితమిచ్చెను. ఆ సంవత్సరమే పియర్సను ఆ పాఠశాలను వర్ణించుచు ఆంగ్లమున ఒక గ్రంథమును ప్రకటించెను.

1916 మే నెలలో రవీంద్రుని వెంట జపానుకును, అచ్చటినుండి అమెరికాకును పోవలసి వచ్చెను. మరల జపాను చేరిన పిమ్మట ఆయన అచ్చటనే నిలిచి, 1917లో భారత స్వాతంత్ర్యమును సమర్థించుచు ఒక పుస్తకము వ్రాసెను. ఆంగ్ల ప్రభుత్వము దానిని నిషేధించెను. 1918లో పెకింగు నగరమున ఆయనను నిర్బంధించి స్వదేశమునకు పంపివేసిరి. పుట్టినగడ్డయే ఆయనకు చెరయైనది. 1921లో గాని ఆయన తిరిగి శాంతినికేతనము చేరలేకపోయెను. అప్పటికి తాను విడిచిపోయిన పిల్లలు పెద్దవారైరి. అయినను క్రొత్త బాలురతో మరల మొదటినుండి ప్రారంభించెను. రవీంద్రుని గోరా నవలను ఆంగ్లమునకు తెచ్చినది ఈయనయే. అది 1924లో అచ్చుపడి వెలువడినది గాని అనువాదకుడు చూడలేదు. 1923లో యూరపునకు పోయి, ఇటలీలో రైలునుండి జారిపడి, సెప్టెంబరు 25వ తేదీని పిస్తోయా నగరపు వైద్యశాలలో మరణించెను. వయస్సు నలుబదిరెండు సంవత్సరములు.

ఇక పద్దు చూతము. ఆయన శాంతినికేతనమున గడపిన కాలమంతయు కూడినను ఇంచుమించు నాలుగేండ్లు. అదియు రెండు ముక్కలు. నడుమ అయిదేండ్ల ఎడబాటు. గురువు నడుమ విడిచిపోయిన తరగతికి నష్టము కలుగుట నిజము. దానిని ఖర్చు వైపున వ్రాయకుండుట న్యాయము కాదు. అయితే జమ వైపున ఏమున్నది? ఆశ్రమమునందలి వైద్యశాలకు ఆయన పేరున్నది. సంతాలుల పల్లె యొకటి పియర్సను పల్లి యని పిలువబడుచున్నది. ఆయనకు పూర్వమును తరువాతను ఎక్కువ యేండ్లు పనిచేసి వేతనము గైకొనిపోయిన ఆంగ్లోపాధ్యాయులు మన దేశమున వేలకొలది యుండిరి. వారిలో ఎందరి పేర్లు పల్లెలు నిలుపుకొన్నవి?

కారణము స్పష్టము. ఆయన తన భాష నేర్పుటకు ముందు వారి భాష నేర్చెను. నేర్చి ఊరకుండక, ఆ భాషలోని మహాగ్రంథమును తనవారికి మోసికొనిపోయెను. ఇచ్చిన చేతితోనే పుచ్చుకొనెను. ఒకవైపే ఇచ్చునది దానము. దానమున ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. విద్యలో ఇరువురి చేతులు సమముగా నుండవలెను.

ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయమున రాత్రులు దీపము వెలిగించి పెద్దలకు అక్షరములు దిద్దించిన యువకులకు ఈ విషయము క్రొత్తది కాదు. రేపు మన బిడ్డలలో ఎవరైనను ఏ కొండపల్లెకో, ఏ పరదేశమునకో బోధింప పోవునెడల, పలక చేతబట్టుటకు ముందు ఆ ఊరి మాట నాలుగు ముక్కలైనను నేర్చికొని పోవుదురుగాక. కాలము కొద్దియైనను ఆ పద్దు మిగులులోనే తేలును.