విద్యార్థికి వసతి

పల్లెనుండి పట్టణమునకు వచ్చిన బాలునకు బడి దొరకినంత మాత్రమున విద్య లభింపదు. అతడెక్కడ నివసించును, ఎవరితో కలసి భుజించును, సాయంకాలమున నేమి చదువును అను ప్రశ్నలును బడియంత ముఖ్యములే. ఈ సత్యమును గ్రహించి కార్యరూపమున చూపిన హైదరాబాదు తెలుగువారిలో రాజా బహద్దూరు వేంకటరామారెడ్డిగారు అగ్రగణ్యులు.

వారు 1869లో వనపర్తి సంస్థానమున జన్మించి, యౌవనారంభముననే పోలీసు కొలువున ప్రవేశించిరి. నాటి నిజాం రాజ్యము తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాల సముదాయము, రాజభాష ఉర్దూ. ఉద్యోగము వారిని పలు సీమల త్రిప్పెను. విశ్వవిద్యాలయ పట్టము లేని వారికి ఆ సీమలే విద్యాలయములయ్యెను. 1920 మొదలు 1934 వరకు వారు రాజధానికి కొత్వాలుగా నుండిరి.

1918లో ఉర్దూ మాధ్యమముతో ఉస్మానియా విశ్వవిద్యాలయ మేర్పడెను. ఆ సంవత్సరముననే వేంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి విద్యార్థి వసతిగృహము వెలసెను. ఇంట తెలుగు, తరగతిలో ఉర్దూ. ఈ రెంటి నడుమ నలుగు గ్రామీణ బాలునకు అచట భోజనముతోపాటు గ్రంథాలయమును, సహవాసమును లభించెను. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ గృహ నిర్వహణము వహించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. నిజాం ప్రభుత్వముపై పోరాడిన రావి నారాయణరెడ్డిగారును అచటి విద్యార్థియే. కొత్వాలు నెలకొల్పిన యింట రాజ్యమునే ప్రశ్నించు యువకుడు పెరిగెననిన, పరిసరముల బలమెంతటిదో పాఠకులే యూహింపవచ్చును.

అయినను ఆ గృహము ఒక కులము పేర వెలసినదని మేము మరువలేదు. ఊరి వెలుపలి వాడల బిడ్డలకై భాగ్యరెడ్డివర్మగారు వేరుగా పాఠశాలలు స్థాపింపవలసివచ్చెను. బాలికలకై 1928లో మాడపాటి హనుమంతరావుగారు తెలుగు మాధ్యమ పాఠశాలను నడుపబూనగా, వేంకటరామారెడ్డిగారు దానికి అండగా నిలిచిరి. ఆ పాఠశాల నెలకొన్న నారాయణగూడలోనే, 1953లో వారు దివంగతులైన పిమ్మట, వారి పేర మహిళా కళాశాల యేర్పడెను.

నేడా నారాయణగూడ పొరుగుననే, అశోక్‌నగరపు అద్దె గదులలోను చిక్కడపల్లి గ్రంథాలయమునను, జిల్లాలనుండి వచ్చిన యువజనులు ఉద్యోగ పరీక్షలకై రేయింబవళ్లు శ్రమించుచున్నారు. వారికి మంచము కలదు, పుస్తకము కలదు. కాని పరీక్ష తప్పిన దినమున ధైర్యము చెప్పు పెద్దయు, అన్య కులముల, అన్య ప్రాంతముల తోటివారితో ఒకే పంక్తిని భుజించు భోజనశాలయు నెందరికి కలవు? పట్టణవాసము దానంతటదియే మనుజుని పైకెత్తదు, చేయందించు ఇల్లుండవలెను. ప్రభుత్వమును, ధనికులును వేంకటరామారెడ్డిగారికి శిలావిగ్రహములు నిలుపుటతో తృప్తి చెందక, కులభేదము లేని విద్యార్థి గృహములను ఆ పేటలలోనే నిర్మింతురుగాక యని మేము కోరుచున్నాము.