టంగుటూరి ప్రకాశం

టంగుటూరి ప్రకాశం పంతులు (1872 ఆగష్టు 23 – 1957 మే 20) న్యాయవాది, పత్రికా సంపాదకుడు, స్వాతంత్ర్య సమరయోధుడు, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి. ఆంధ్రకేసరిగా ప్రసిద్ధుడు. ప్రకాశం జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

వంశం

ప్రకాశం ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో నియోగి బ్రాహ్మణ దంపతులైన సుబ్బమ్మ, గోపాలకృష్ణయ్యలకు జన్మించాడు. తెలుగునాట అనేక కుటుంబాలకు వలెనే వీరికీ ఊరిపేరే ఇంటిపేరైంది. ఐదారు తరాలకు పూర్వం వీరి పెద్దలు ఒంగోలుకు దక్షిణాన ఉన్న టంగుటూరులో నివసించేవారు. అనంతరం కనపర్తికి, వల్లూరుకు తరలివెళ్ళారు. ఊరు మారినా ఇంటిపేరు మారలేదు. తన పూర్వీకుల వృత్తాంతాన్ని ప్రకాశం నా జీవిత యాత్ర అనే ఆత్మకథలో వివరించాడు.

తండ్రి వల్లూరులో కరణం. గ్రామంలోని భూముల వివరాలు, శిస్తు లెక్కలు కరణం ఆధీనంలో ఉండేవి. వంశపారంపర్యంగా సాగిన ఈ వ్యవస్థను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో రద్దు చేసింది.

ప్రకాశం పుట్టిన నాటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడగా, 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. అందువలన ఈ ప్రాంతపు పాత కుటుంబాల చరిత్రను పరిశీలించేవారు ఒకే గ్రామాన్ని కాలాన్ని బట్టి మూడు జిల్లాల పేర్ల కింద వెదకవలసి ఉంటుంది.

బాల్యం

ప్రకాశం చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో కుటుంబం ఆధారం కోల్పోయింది. సుబ్బమ్మ పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపింది. అప్పట్లో ఆ వృత్తికి సంఘంలో గౌరవం తక్కువ. ప్రకాశం వారాలు చేసుకుని చదువుకున్నాడు. పరీక్ష రుసుము మూడు రూపాయలకై తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టింది. కరణీకపు ఇంటి పిల్లవాని చదువు నిలిచింది వంశవృత్తి వలన కాదు, ఆమె కష్టం వలననే. తరువాత ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అతనిని రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించాడు.

ప్రజా జీవితం

రాజమండ్రిలో న్యాయవాదిగా పేరు తెచ్చుకుని, పురపాలక సంఘ అధ్యక్షుడైనాడు. ఇంగ్లాండులో బారిష్టరు చదివి మద్రాసులో విశేషంగా ధనం ఆర్జించాడు. 1921లో వృత్తిని వదలి స్వరాజ్య పత్రికను స్థాపించి, తన సంపాదనను దానికే వెచ్చించాడు. 1928లో సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భంగా మద్రాసులో తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపి నిలిచాడు. 1946–47లో మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా, 1953–54లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసాడు. హైదరాబాదులో మరణించాడు.