కనబడని కిరణమును చూపిన పాదిరిగారి కుమారుడు

మలేరియా జ్వరమునకు క్వినైను మ్రింగి ముఖము చిట్లించిన పెద్దలు మన సంఘములలో అనేకులు గలరు. ఆ చేదు మందులోని ఒక వింతను లోకమునకు వివరించిన సర్ జార్జి గాబ్రియేలు స్టోక్సు గారిని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము.

ఆయన 1819లో ఐర్లండు దేశమందు స్క్రీన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి ఆ ఊరి ప్రొటెస్టెంటు సంఘమునకు పాదిరి. ఇంటిలో తండ్రియొద్ద అక్షరములు దిద్దిన ఆ పిల్లవాడు 1849లో, తన ముప్పదవ యేట, కేంబ్రిడ్జిలో పూర్వము న్యూటను కూర్చున్న గణితాచార్య పీఠమును పొందెను.

1852లో ఆయన తన పరిశోధనను ప్రకటించెను. సూర్యకాంతిని మూడు పలకల గాజుగుండా పంపి రంగులుగా విడదీసి, క్వినైను కలిపిన నీటిని ఒక గాజుగొట్టములో పోసి, ఆ రంగులలో ఒక్కొక్కదాని యెదుట నిలుపుచు పోయెను. ఎరుపులోను పచ్చలోను అది వట్టి నీరువలెనే యుండెను. ఊదా దాటి, కంటికి చీకటిగా తోచు చోటికి చేరగానే నీలి వెలుగుతో ప్రకాశించెను! కనబడని కిరణమును ఆ మందు తనలోనికి తీసికొని, కనబడు రంగుగా మార్చి వెలువరించుచున్నదని ఆయన గ్రహించి, ఫ్లోర్‌స్పార్ అను రాతి పేరునుబట్టి దానికి ఫ్లోరెసెన్సు అని పేరు పెట్టెను. హెబ్రీ 11:3 చదువునప్పుడు ఆ గాజుగొట్టము మాకు జ్ఞాపకము వచ్చును. అయితే దానిని దేవునికి రుజువుగా బోధింపరాదు; అక్కడ కనబడినది కిరణము ఫలితమే.

1871లో జర్మనీ దేశస్థుడైన బేయరు ఫ్లోరెసీన్ అను రంగును తయారుచేసెను. వరినూర్పుళ్లలో కంటికి గింజ తగిలినవాని కంటిలో వైద్యులు నేడు ఆ రంగునే వేసి నీలి దీపముతో చూతురు. గాయమైన చోటు ఆకుపచ్చగా మెరయును. క్షయరోగి కఫములోని సూక్ష్మక్రిములకు ఆరమీన్ అను మరియొక రంగు పట్టించినచో, సూక్ష్మదర్శినిలో అవి నల్లని ఆకాశమందలి చుక్కలవలె కనబడును. దాగియున్న రోగము ఈలాగున బయటపడుటచేత ఎందరో వేళకు మందు పొందుచున్నారు.

చదువు హెచ్చినచో విశ్వాసము పోవునని జంకి, బిడ్డలను పైచదువులకు పంపని తలిదండ్రులు నేటికిని కలరు. స్టోక్సు గారు క్రైస్తవ విశ్వాసమును, శాస్త్రమును కలిపి చర్చించు విక్టోరియా ఇన్‌స్టిట్యూటునకు 1886 మొదలు మరణమువరకు అధ్యక్షులు. ఇద్దరు కుమార్తెలు పసితనమందే గతించినను ఆయన ప్రభువును విడువలేదు.

1854 మొదలు 31 సంవత్సరములు రాయల్ సొసైటీకి కార్యదర్శియై, ఇతరుల వ్రాతలు చదివి దిద్దుటలోనే ఎంతో కాలము గడపెను. అంత మేధ వ్యర్థమాయెనని కొందరందురు; మాకట్లు తోచదు. సూర్యునిలో ఏ పదార్థములున్నవో వెలుగునుబట్టి తెలిసికొను మార్గమును ఆయన ముందే స్నేహితుడైన విలియం థామ్సనుతో మాటలలో చెప్పియుండెను. 1859లో కిర్కాఫ్ అను జర్మను పండితుడు దానిని ప్రకటింపగా, ఆ ఘనత స్టోక్సుదేయని థామ్సను పట్టుబట్టెను. స్టోక్సు గారు ఒప్పుకొనక, అది కిర్కాఫ్‌కే చెందునని 1903లో కన్నుమూయు వరకు ఆ మాటమీదనే నిలిచెను.