నేటాల్ వెళ్లిన జాన్ రంగయ్యగారు

బ్రతుకుతెరువుకై ఊరు విడిచి స్థిరపడిన మనవారందరు జాన్ రంగయ్యగారి జీవితమును ఎరిగియుండుట మంచిదని తలంచి, ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రంగయ్యగారు 1866లో జన్మించిరి. తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీవారు ఆయనను దక్షిణ ఆఫ్రికాలోని నేటాల్‌కు పంపగా, 1903 జూన్‌లో డర్బన్ చేరిరి. 1860 మొదలు మద్రాసు రేవులో ఓడలెక్కిన మన కూలీలు అక్కడి చెరకు, తేయాకు తోటలలో ఉండిరి. ఆ యేడే డిసెంబరు 27న కియర్స్‌నీ తేయాకు తోటలో మొదటి సంఘము ఏర్పడెను.

ఆ సంఘస్థుల బ్రతుకంతయు చట్టముల చేతిలో ఉండెను. ఒప్పందము ఐదేండ్లు, మొదటి యేడు జీతము నెలకు 10 షిల్లింగులు. 1895 చట్టము ప్రకారము గడువు తీరినవారు మరల ఒప్పందము చేసికొనవలెను, లేదా ఇండియాకు మరలవలెను. ఆ రెండును కాదన్నవారు యేటేట 3 పౌండ్లు కట్టవలెను. అనగా మొదటి యేటి జీతములో ఆరు నెలల సొమ్ము! 1903లో ఆ పన్నును 16 ఏండ్ల కుమారులకు, 13 ఏండ్ల కుమార్తెలకు కూడ విధించిరి.

అంగడి పెట్టుకొందమన్న 1897 చట్టము అడ్డుపడెను. లైసెన్సు ఇచ్చుటయు మానుటయు అధికారి ఇష్టము. లెక్కలు ఇంగ్లీషులోనే ఉండవలెను. అదే యేటి వలస చట్టము స్వంతముగా వచ్చువారిని ఐరోపా భాషలో దరఖాస్తు వ్రాయుమనెను. ఒప్పంద కూలీలకు ఆ పరీక్ష లేదు. వారికి కావలసినది కూలివారే గాని కాపురస్థులు కారు. భూమి విషయములో నేటాల్ కొంత మేలు: కొనవచ్చును, కౌలుకు తీసికొనవచ్చును. పొరుగున ట్రాన్స్‌వాల్‌లో 1885 చట్టము భూమి కొను హక్కును కాదనెను.

ఇంతటి ఇరుకులోను రంగయ్యగారి పరిచర్యవలన సంఘములు పెరిగి, 1914లో అసోసియేషనుగా కూడినవి. 1913లో గాంధీగారి నాయకత్వమున కూలీలు సమ్మె చేయగా, మరుసటి యేడు 3 పౌండ్ల పన్ను రద్దయ్యెను. అది చూచిన పిమ్మట, 1915లో రంగయ్యగారు ప్రభువునందు నిద్రించిరి.

రూపనగుడి ప్రాంతములోని మనము స్వదేశములోనే ఉన్నాము. అట్టి పన్ను మనకు లేదు. అయినను మన పహణి, ఖాతా, అంగడి లైసెన్సు కన్నడములో వచ్చును. చదివించుకొనక ఎవరును వ్రేలిముద్ర వేయవద్దని మనవి. కన్నడము చదివిన మన పిల్లలచేత ప్రతి కాగితమును ఇంట చదివించి, అర్థము తెలిసికొని, భద్రపరచుకొనుడి.